పరిచర్య రిజిస్టరులో అక్క పేరు

మా బావగారంటే నాకు పడదు. ఈ మాట ముందే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. తర్వాత ఎవరూ నాకు పక్షపాతం ఉందని వేలెత్తి చూపక్కర్లేదు. ఉంది. నిండా ఉంది. ఆయన మా అక్కను చేసుకుని ముప్పై రెండేళ్ళయింది. ఇన్నేళ్ళలో ఆయన చేసిన తప్పు ఒక్కటి చూపించమంటే నేను చూపించలేను. తాగడు, చెయ్యి ఎత్తడు, అబద్ధం ఆడడు. అలాంటి మనిషిని తిట్టాలంటే ఎంత కష్టమో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

ఆయన ఫ్యాక్టరీ గేటు దగ్గర టైమ్‌కీపరుగా పనిచేశాడు. అద్దాల గది, గోడ మీద గడియారం, బల్ల మీద హాజరు పుస్తకం, జేబులో రెండు పెన్నులు. ఎనిమిదింటికి సైరన్ మోగేది. ఎనిమిదీ మూడు నిమిషాలకు రొప్పుకుంటూ వచ్చినవాడికి అరపూట కోత పడేది. వాడి భార్యకు నొప్పులొచ్చాయన్నా, దారిలో బస్సు చెడిపోయిందన్నా ఈయన తల ఎత్తేవాడు కాదు. "కారణాలు ఆఫీసులో చెప్పుకో. ఇక్కడ టైము మాత్రమే రాస్తాం" అనేవాడు. పనివాళ్ళు ఆయనకు నిమిషాలాయన అని పేరు పెట్టారు. ఆ సంగతి ఆయనకు తెలుసు. తెలిసి కూడా ఆ పేరును బిరుదులా మోసుకు తిరిగేవాడు.

ఇంట్లోనూ అదే వరస. అక్క కూరగాయలకు వెళ్ళి వస్తే, "యాభై నిమిషాలు పట్టిందే" అంటాడు. తిట్టడు. గొంతు పెంచడు. ఊరికే చెబుతాడు, అంతే. ఆ ఊరికే చెప్పడం వింటేనే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. వాళ్ళ వీధి చివర నాకు కుట్టు షాపు ఉంది, స్కూలు యూనిఫాంలు కుడతాను. ఆయన నన్ను కత్తెర అంటాడు. నా పని చూసి కాదు, నా నోరు చూసి.

రిటైరయ్యాక ఆయన ఏం చేస్తాడా అని మేమంతా భయపడ్డాం. ఇంట్లో కూర్చుని అక్క పీల్చే గాలి లెక్కపెడతాడేమో అనుకున్నాను. అంతలో మా పాస్టరుగారు ఒక ఆదివారం ఆరాధన ముగిశాక తన బాధ వెళ్ళగక్కారు. సంఘంలో నూట నలభై కుటుంబాలున్నాయి, పని మాత్రం ఆ పదిమందే చేస్తున్నారు. కుర్చీలు వేసేదీ వాళ్ళే, తీసేదీ వాళ్ళే, జబ్బుపడినవాళ్ళను చూసొచ్చేదీ వాళ్ళే. మిగతావాళ్ళు పేర్లు ఇస్తారు, మనుషులు రారు. "ఎవరు వస్తున్నారో ఎవరు రావడం లేదో చూసే దిక్కు లేదు" అన్నారాయన.

నా ముందు వరసలో ఒక చెయ్యి లేచింది.  ఆ చెయ్యి ఎవరిదో వెనకనుంచి చూసినా గుర్తుపడతాను.

తర్వాతి ఆదివారానికి రిజిస్టరు తయారైంది. స్కేలు పెట్టి గీసిన గళ్ళు, అట్టకు గోధుమరంగు కాగితం, మీద 'పరిచర్య' అని పెద్ద అక్షరాలు. లోపల ఒక్కో పనికి ఒక్కో గడి. నేల తుడవడం, కుర్చీలు, పాటలు పాడటం, తలుపు దగ్గర పలకరింపు, సండే స్కూల్, రోగుల పరామర్శ. పనికి వస్తే ఆకుపచ్చ టిక్కు. పేరు ఇచ్చి రాకపోతే ఎర్ర ఇంటూ. రెండు తలుపులూ కనపడేలా మధ్యలో బల్ల వేయించుకుని కూర్చున్నాడు. ఎందుకంటే ప్లంబరు ముందు తలుపున వచ్చి సంతకం చేసి వెనక తలుపున ఇంటికి పోతున్నాడని మొదటి వారమే పట్టేశాడు. నియమం కూడా తనే రాసి పెద్దలచేత ఒప్పించాడు. ఆరు నెలల్లో పదమూడు వంతులైనా చేయనివాళ్ళ దగ్గరనుంచి ఆ బాధ్యత తీసేస్తారు. ఆరు నెలలకోసారి, అందరూ ఉన్నప్పుడు, ఆ పేర్లు చదువుతారు.

నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, అది పనిచేసింది. సిగ్గుకో భయానికో జనం రావడం మొదలుపెట్టారు. పాస్టరుగారి ముఖం విప్పారింది. మా బావగారు నాలుగేళ్ళపాటు ఒక్క ఆదివారం మానలేదు. ఆరాధన తొమ్మిదింటికైతే ఆయన ఏడున్నరకల్లా బల్ల దగ్గర ఉండేవాడు.

ఇక మా అక్క సంగతి. సండే స్కూల్లో చిన్నపిల్లల తరగతి ఆమెది. నాలుగేళ్ళనుంచి ఏడేళ్ళ లోపు పిల్లలు, ఓ పాతికమంది. ఆ రిజిస్టరు పుట్టకముందు పదిహేనేళ్ళ నుంచీ ఆ తరగతి ఆమే చూస్తోంది. మందిరం వెనకవైపు పొడవాటి గది, పొట్టి బల్లలు, గోడనిండా పిల్లలు గీసిన బొమ్మలు. మా అక్క పెద్దవాళ్ళ మధ్య నోరు విప్పదు. ఇంట్లో చెప్పింది ఎవరూ వినరు. పెళ్ళిళ్ళలో, మీటింగుల్లో ఒక మూలన కూర్చుని వస్తుంది. ఆ గదిలోకి అడుగు పెడితే మాత్రం వేరే మనిషి. గొంతు మార్చి ఏనుగులా మాట్లాడుతుంది, ముసలి రాజులా మాట్లాడుతుంది. పిల్లలు నోళ్ళు తెరుచుకుని వింటారు. ఒకసారి నేను కిటికీలోంచి చూసి, ఈమె మా అక్కేనా అనుకున్నాను. వారంలో ఆరు రోజులు ఆమె ఆ ఒక్క గంట కోసం బతికేది. ఇది నేను కల్పించి చెప్పడం లేదు, ఆమే ఒకసారి నాతో అంది.

పోయిన సంవత్సరం మొదట్లో వాళ్ళ అత్తయ్య, అంటే బావగారి తల్లి, స్నానాల గదిలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఎనభై మూడేళ్ళ మనిషికి ఆపరేషన్ వద్దన్నారు డాక్టర్లు. ఇక ఆమె మంచం దిగలేదు.

మంచంలో ఉన్న మనిషిని చూసుకోవడం అంటే ఏమిటో చాలామందికి తెలియదు. రెండు గంటలకోసారి ఒక పక్కనుంచి ఇంకో పక్కకు తిప్పాలి, లేకపోతే వీపు పుండవుతుంది. తడిగుడ్డతో ఒళ్ళంతా తుడిచి, ఆరబెట్టి, పౌడరు వేయాలి. కింద రబ్బరు షీటు, పైన గుడ్డ, ఆ గుడ్డ రోజుకు అయిదారుసార్లు మార్చాలి. బెడ్‌పాన్ పెట్టాలి, తీయాలి, కడగాలి. పాలలో నానిన బ్రెడ్డు చెంచాతో పెడితే ముసలామె సగం మింగి సగం ఉమ్ముతుంది. పైగా ఆవిడకు నోరు ఎక్కువ. ఇవన్నీ ఒక్క మనిషి చేసింది. ఆదివారం ఏడింటికే బావగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని రిజిస్టరు చంకన పెట్టుకుని వెళ్ళిపోయేవాడు. ఇంట్లో మిగిలేది అక్క, మంచం.

ఆ ఆరు నెలల్లో మూడు ఆదివారాలు నేను వెళ్ళి కూర్చున్నాను. ఆ మూడుసార్లే అక్క తరగతికి వెళ్ళింది. మిగతా ఆదివారాలు నేనెందుకు కూర్చోలేదంటారా? స్కూళ్ళ యూనిఫాం ఆర్డర్లున్నాయి, మిషను ఆగితే గడవదు అనుకున్నాను. అక్క అడగలేదు. అడగలేదు కదా అని నేను ఊరుకున్నాను. ఈ కథలో బావగారిని ఎంత తిట్టినా ఈ ముక్క నా గొంతులో అలాగే ఉంటుంది. అక్క లేని రోజుల్లో మందుల షాపావిడ ఆ తరగతిలో కూర్చునేది. పాపం, ఆమెకు పిల్లలంటే హడల్.

ఇదిలా ఉండగా వాళ్ళ ఇంటికి పరామర్శలు మొదలయ్యాయి. సంఘంలో ఎవరు మంచాన పడినా నలుగురు వెళ్ళి ప్రార్థన చేసి వస్తారు, మంచి పద్ధతే. జంటలు జంటలుగా వచ్చేవాళ్ళు. మంచం పక్కన కుర్చీల్లో కూర్చునేవాళ్ళు. "ఎలా ఉన్నారు పెద్దమ్మా" అనేవాళ్ళు. పెద్దమ్మ, "ఉన్నాను, చావలేదు" అనేది. ప్రార్థన అయ్యాక అక్క టీ ఇచ్చేది. పావుగంటలో వెళ్ళిపోయేవాళ్ళు. వెళ్ళేవాళ్ళను బావగారు గుమ్మందాకా సాగనంపి, లోపలికొచ్చి రిజిస్టరు తీసి వాళ్ళ పేర్ల ఎదురుగా రోగుల పరామర్శ గడిలో టిక్కు పెట్టేవాడు. ఆదివారం వచ్చేది. సండే స్కూల్ గడిలో భార్య పేరు ఎదురుగా ఇంటూ పెట్టేవాడు. ఒకే పుస్తకం, ఒకే బల్ల, అదే చెయ్యి.

ఆరు నెలలు నిండాయి. పేర్లు చదివే ఆదివారం అందరూ రావాలని పాస్టరుగారు కబురు పెట్టారు. మా అమ్మాయిని ముసలామె దగ్గర కూర్చోబెట్టి అక్కను నేనే తీసుకెళ్ళాను. చాలా రోజుల తర్వాత బయటికి వచ్చింది. మంచి బట్టలు కట్టుకుంది. దారంతా పిల్లల గురించే మాట్లాడింది. కొత్త కథ ఒకటి కట్టిందట, అందులో గాడిదకు జలుబు చేస్తుందట. నేను నవ్వాను.

బావగారు లేచి పేర్లు చదవడం మొదలుపెట్టాడు. ముందు పూర్తి హాజరు ఉన్నవాళ్ళు. తర్వాత పదమూడు దాటినవాళ్ళు. ఆ తర్వాత, "బాధ్యత తీసివేయబడినవారు" అన్నాడు. గిటారు వాయించే కుర్రాడు, రెండు వంతులు. తలుపు దగ్గర పలకరించే పోస్ట్‌మాస్టరు, తొమ్మిది. మూడో పేరు మా అక్కది.

"చిన్నపిల్లల తరగతి. ఇరవై ఆరులో మూడు. బాధ్యత తీసివేయడమైనది."

గొంతులో ఏ తేడా లేదు. కాగితం మీదనుంచి కళ్ళు ఎత్తలేదు.  వెనకనుంచి ఎవరో చప్పట్లు కొట్టారు. పక్కవాళ్ళు అందుకున్నారు. చూస్తుండగానే సగం హాలు చప్పట్లు కొడుతోంది. "సొంత భార్యనైనా వదల్లేదు చూశారా" అంటున్నారు ఒకరితో ఒకరు. ఆయన నిటారుగా నిలబడ్డాడు. ఆ ముఖంలో గర్వం నేను చూశాను. నేను బతికున్నంత కాలం ఆ ముఖం మర్చిపోను.

అక్క ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది. ఆ చేతులు ఎలా ఉన్నాయో అప్పుడే సరిగా చూశాను. బెడ్‌పాన్లు కడిగే మందుకు వేళ్ళ సందులు పగిలి ఎర్రగా ఉన్నాయి.

ఆరాధన అయ్యాక నేను తిన్నగా బల్ల దగ్గరికి వెళ్ళాను.

"ఆ పుస్తకం ఇలా ఇవ్వండి బావగారూ."

"ఎందుకు?"

"అందరూ చూడొచ్చని మీరే కదా రాసి పెట్టారు గోడ మీద."

ఇచ్చాడు. నియమం అంటే ఇస్తాడు. నేను రోగుల పరామర్శ పేజీలు తిప్పాను. వాళ్ళింటికి వచ్చినవాళ్ళ టిక్కులు లెక్కపెట్టాను. నలభై ఒకటి. ప్లంబరుకే ఎనిమిది ఉన్నాయి. ఆ ప్లంబరు పదమూడు దాటిందే మా అక్క టీ తాగి.

"మీ అమ్మగారిని చూడ్డానికి పావుగంట వచ్చినవాళ్ళకు నలభై ఒక్క టిక్కులు" అన్నాను. "ఆమెను రోజంతా చూసుకున్న మనిషికి ఇరవై మూడు ఇంటూలు. ఇది మీకు సరిగ్గానే కనిపిస్తోందా?"

"అది పరిచర్య. ఇది ఇంటి పని" అన్నాడు. "ఇంటి మనిషి ఇంటి పని చేసుకుంటే దానికి టిక్కేమిటి? అలా అయితే నీ పిల్లకు నువ్వు అన్నం పెట్టినా ఇక్కడ రాయాలి."

"ఆమె తరగతికి ఎందుకు రాలేదో మీకు తెలుసు."

"కారణాలు నేను రాయను. ఎవరి కారణాలూ రాయలేదు. పోస్ట్‌మాస్టరుకూ ఏదో కారణం ఉండే ఉంటుంది. ఆమెకొక్కదానికీ రాస్తే రేపు జనం ఏమంటారు?"

"ముందు ఆమెకైనా చెప్పచ్చుగా. పొద్దున ఆమె చేతి కాఫీయే కదా తాగి వచ్చారు."

"మిగతావాళ్ళకు ముందు చెప్పానా?" అన్నాడు.

ఆయన దగ్గర ఎప్పుడూ జవాబు ఉంటుంది. దేవుడు ఆయనకు అన్నీ ఇచ్చాడు, బుర్రలో ఒక తలుపు పెట్టడం ఒక్కటే మర్చిపోయాడు. నాకు ఒళ్ళు మండిపోయి ఇంకేదో అనబోయాను. అక్క వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది. "పద. అత్తయ్యను తిప్పే టైమైంది" అంది.

మర్నాడు ఉదయం పదింటికి అక్క ఒక చిన్న సంచితో నా షాపులోకి వచ్చింది. కత్తిరించిన గుడ్డలు పక్కకు జరిపి కుర్చీలో కూర్చుంది. కొన్నాళ్ళు నీ దగ్గర ఉంటాను అంది. నాకు చేతిలో కత్తెర ఆగిపోయింది. ముప్పై రెండేళ్ళలో ఆమె ఒక్క రాత్రి కూడా పుట్టింటివాళ్ళ దగ్గర ఉండలేదు.

"ఆయనతో ఏం చెప్పావే?"

"అత్తయ్య మందులు ఎక్కడున్నాయో చెప్పాను. ఎన్ని గంటలకు తిప్పాలో చెప్పాను."

"ముసలామె ఏమంది?"

"ముందు ఆవిడకే చెప్పాను. 'పో, వాడు పుట్టినప్పుడు వాడి గుడ్డలు నేనే ఉతికాను, ఇప్పుడు వాడి వంతు' అంది."

ఆ ముసలామె మీద నాకు మొదటిసారి అభిమానం కలిగింది.

ఆయన రెండు రోజులు లాగాడు. ఎదురింటివాళ్ళు చెప్పారు, పొద్దుట్నించి తీగ మీద గుడ్డలు ఆరుతూనే ఉన్నాయట, ఆయన లుంగీ తడిసి ఒకటే తిరుగుడట. నేను మనసారా సంతోషించాను. పుణ్యం, పాపం నాకు అనవసరం. మూడో రోజు ఒక ఆయాను పెట్టుకున్నాడు. ఆసుపత్రుల్లో పనిచేసి వచ్చిన మనిషి, గట్టిది. పొద్దున ఎనిమిదినుంచి సాయంత్రం ఆరుదాకా ఉంటాను, ఆదివారం మాత్రం రాను అని మొదటే తేల్చి చెప్పిందట.

అక్క నా దగ్గర ఉండి గుండీలు కుట్టేది. తన ఇంటి గురించి మాట్లాడేది కాదు. ఒక రోజు మాత్రం, "మందుల షాపావిడ పిల్లలకు కథలు చెప్పదట. బొమ్మలకు రంగులు వేయమని కాగితాలు పంచి ఊరుకుంటుందట" అంది. దారం కొరికి, ఇంకో గుండీ తీసుకుంది. కళ్ళు తుడుచుకోలేదు కానీ సూదిలో దారం ఎక్కించడానికి చాలాసేపు పట్టింది.

గురువారం, ముసలామెను చూసి వద్దామని ఇద్దరం వెళ్ళాం. బావగారు బజారుకు వెళ్ళాడని ఆయా చెప్పింది. అత్తయ్య శుభ్రంగా ఉంది. "వచ్చావా. నీ మొగుడు నా వీపు తోమితే గిన్నె తోమినట్టుంటుంది" అంది. అక్క ఆమె జుట్టు సరిచేస్తూ గోడవైపు చూసింది. అలాగే ఉండిపోయింది.

మంచం పక్క గోడకు ఒక కాగితం అంటించి ఉంది. స్కేలు పెట్టి గీసిన గళ్ళు. తిప్పడం, ఒళ్ళు తుడవడం, గుడ్డ మార్చడం, బెడ్‌పాన్, తిండి, మందు. ఒక్కో పనికి గంటలతో సహా ఆకుపచ్చ టిక్కులు. ఆయా పనికి ఆయన పెట్టిన హాజరు. ఒక్క బుధవారం గడిలోనే పద్నాలుగు టిక్కులున్నాయి. అక్క వేలు పెట్టి లెక్కించింది. మళ్ళీ మొదటినుంచి లెక్కించింది.

అప్పుడే బావగారు సంచితో లోపలికి వచ్చాడు. మమ్మల్ని చూసి తడబడ్డాడు. అక్క చూపు కాగితం మీద ఉండటం గమనించి, ఆ మనిషి ఏమన్నాడో తెలుసా? ఎంతో నిజాయితీగా, ఒక కొత్త విషయం కనిపెట్టినవాడిలా, "చూశావా, ఎంత పని ఉందో. రాసి పెడితే గాని తెలియలేదు" అన్నాడు.

అక్క ఆయనవైపు తిరిగింది. "రాయకముందు ఎవరు చేశారు?" అంది.

ఆయన సంచి కింద పెట్టాడు. "అది ఇంటి పని కదా."

"ఇదీ ఇంట్లోదే. ఈ మంచమే."

"ఆయా బయటి మనిషి."

"పరామర్శకు వచ్చినవాళ్ళూ బయటివాళ్ళే. బయటివాళ్ళు వచ్చి చూసిపోతే టిక్కు. బయటివాళ్ళు వచ్చి చేసిపోతే టిక్కు. నేను చేస్తే అది పనే కాదు. అంతేనా?"

మా అక్క పెద్దవాళ్ళతో అన్ని మాటలు వరసగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. బావగారు సంచిలోంచి మందు సీసా తీసి మళ్ళీ లోపల పెట్టాడు.  మంచం మీదనుంచి ముసలామె, "దాని మాటకు సమాధానం చెప్పరా" అంది. 

"ఆదివారం ఆయా రాదుగా" అంది అక్క.

"రాదు. ఆ సంగతే అడుగుదామనుకున్నా. పొద్దున ఆ రెండు మూడు గంటలు నువ్వొచ్చి..."

"నేనూ రాను. ఆదివారం నాకు పిల్లల తరగతి ఉంది."

"నీ పేరు తీసేశాంగా."

"తీసేసింది మీరు. నేను వెళ్తాను. మీరు బల్ల దగ్గర ఉంటే నన్ను ఆపండి."

అక్క చెప్పులు వేసుకుంది. నేను ఆమె వెనకే గబగబా బయటికి వచ్చాను. వీధి మలుపు తిరిగాం. అక్కడ ఆమె ఒక గేటు పట్టుకుని ఆగింది. 

ఆ రెండు రోజులూ నాకు తిండి సహించలేదు. ఆయన సంగతి నాకు తెలుసు. తల్లిని పక్కింటివాళ్ళకు అప్పజెప్పి అయినా వస్తాడు, ఆ బల్ల వదలడు. అందరి ముందూ నిలబడి, నీకు ఇక్కడ తరగతి లేదు అంటాడు, ఇదే గొంతుతో. జనం మళ్ళీ చప్పట్లు కొడతారు. మళ్ళీ అలా జరిగితే మా అక్క ఇక ఎక్కడా నోరు తెరవదని నాకు తెలుసు. నేను ఏమేం తిట్టాలో వరసగా సిద్ధం చేసి పెట్టుకున్నాను. మందిరంలో అనకూడని మాటలు కూడా అందులో ఉన్నాయి.

ఆదివారం తొమ్మిదికి పది నిమిషాల ముందు మేం లోపలికి అడుగుపెట్టాం. బల్ల ఉంది. బల్ల వెనక కుర్చీ ఖాళీగా ఉంది. నాలుగేళ్ళలో మొదటిసారి.

జనం బల్ల ముందు గుమిగూడి ఉన్నారు. సంతకం ఎక్కడ చేయాలో తెలియక ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. నేల తుడవాల్సినవాళ్ళు చీపుర్లు పట్టుకుని నిలబడ్డారు, ఎవరూ రాసుకోనప్పుడు తుడవడం మొదలుపెట్టాలా వద్దా అన్నట్టు. ప్లంబరు మాత్రం హాయిగా ఉన్నాడు. పాస్టరుగారు ఆందోళనగా వచ్చారు.

"అమ్మా, ఆయన ఏరీ? ఒంట్లో బాగా లేదా?"

"బాగానే ఉన్నారండి" అంది అక్క. గొంతు చిన్నదే కానీ అందరికీ వినపడింది. "ఇంట్లో ఉన్నారు. వాళ్ళమ్మగారికి పక్క మార్చే మనిషి ఇవాళ రాదు. అందుకని ఆయన చేస్తున్నారు. ఆరు నెలలనుంచీ నేనూ అందుకే రాలేదు."

 ఆ గుంపులో కనీసం పదిహేనుమంది మా అక్క చేతి టీ తాగినవాళ్ళు. అక్క రబ్బరు షీటు మారుస్తుంటే కుర్చీ కాస్త పక్కకు జరుపుకుని కూర్చున్నవాళ్ళు. ఆరోజు చప్పట్లు కొట్టినవాళ్ళు కూడా వాళ్ళే. ఒక్కొక్కరి ముఖం చూశాను, తీరిగ్గా చూశాను. అందరూ నేల చూపులు చూశారు. పాస్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నియమం సంగతి పెద్దలతో మాట్లాడతానమ్మా" అన్నారు. అక్క అప్పటికే వెనక గదివైపు నడుస్తోంది.

నేను వెంట వెళ్ళాను. గదిలో మందుల షాపావిడ రంగు పెన్సిళ్ళ డబ్బా పట్టుకుని నిలబడి ఉంది. చుట్టూ పాతికమంది ఒకటే గోల. అక్కను చూడగానే ఆమె ఒక్క మాట అడగలేదు. డబ్బా చేతిలో పెట్టి, "అమ్మయ్య" అని బయటికి నడిచింది.

పిల్లలు అక్కను చూసి ఒక్కసారిగా సద్దుమణిగారు. కొందరు ఆమెను గుర్తుపట్టలేదు. ఆ వయసుకు ఆరు నెలలంటే చాలా ఎక్కువ. పళ్ళు ఊడిన ఒక పాప మాత్రం లేచి నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుంది.

"టీచర్, ఇన్ని రోజులు ఎందుకు రాలేదు?"

నేను గుమ్మం దగ్గరే ఆగాను. అక్క పొట్టి బల్ల పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది.

"మా అత్తయ్య పడిపోయారమ్మా. లేవలేరు. నేను ఆవిడ దగ్గర ఉన్నాను."

ఆ పిల్ల ఒక్క క్షణం ఆలోచించింది. "అయితే సరే" అంది. అని కూర్చుని, జరిగి, పక్కన చోటు చూపించింది.

నేను వరండాలోకి వచ్చేశాను. ఎవరిని తిట్టాలో తెలియలేదు. 'అయితే సరే' అన్న ఆ రెండు ముక్కలు బావగారు అనలేదు. పాస్టరుగారు అనలేదు. నలభై ఒక్క టిక్కులవాళ్ళలో ఒక్కరూ అనలేదు. మిషను ముందు కూర్చుని నేనూ అనలేదు. లోపల అక్క గొంతు మార్చి గాడిదలా తుమ్మింది, పిల్లలు పడిపడి నవ్వుతున్నారు. నేను గోడకు ఆనుకుని ఏడ్చాను.